పిల్లుల ఇన్సులిన్ విషయంలో మా వల్ల జరిగిన పొరపాటు, ఇకపై మేము పాటించే పద్ధతి

మా దగ్గర పిల్లుల కోసం ఇన్సులిన్ కొంటున్న వారందరికీ నమస్కారం.

విజయవాడలో మాది చిన్న మెడికల్ షాపు. మనుషుల మందులతో పాటు పశువైద్యులు రాసే మందులు కూడా తెప్పించి ఇస్తున్నాము కనుక, షుగర్ ఉన్న తొమ్మిది పిల్లులకు ప్రస్తుతం మా దగ్గర నుంచే ఇన్సులిన్ వెళ్తోంది. మే నెలలో నా పొరపాటు వల్ల వాటిలో మూడింటికి పనిచేయని మందు వెళ్లింది. ఆ మూడు ఇళ్లకూ అప్పుడే ఫోన్ చేసి చెప్పాము, మందు మార్చి ఇచ్చాము. అయితే మిగిలిన వారికి కూడా జరిగింది తెలియాలి, దాని తరువాత మేము మార్చుకున్న పద్ధతులూ తెలియాలి అన్న ఉద్దేశంతో ఇది రాస్తున్నాను.

ఎండలు ముదిరిన రోజుల్లో ఫ్రిజ్ తలుపు పదే పదే తెరవడం వల్ల లోపల చల్లదనం చాలడం లేదనిపించి, ఒక సాయంత్రం నేనే దాని మరను చివరి అంకె దాకా తిప్పాను. రాత్రి షాపు మూశాక తలుపు తెరిచేవారు లేకపోవడంతో వెనక గోడ మీద మంచు పేరుకుంది. గ్లార్జిన్ (ఎక్కువసేపు పనిచేసే ఒక రకం ఇన్సులిన్) కార్ట్రిడ్జిల, అంటే చిన్న మందు గొట్టాల, పెట్టె ఆ గోడకే ఆనుకుని ఉంది. పొద్దున అట్ట తడిసి ఉండడం చూసి చెమ్మ అనుకున్నానే తప్ప, లోపలి మందు గడ్డకట్టి కరిగి ఉండవచ్చన్న అనుమానం నాకు రాలేదు. ఒక కార్ట్రిడ్జిని వెలుతురుకు ఎదురుగా పెట్టి చూశాను కూడా. నీళ్లలా తేటగానే ఉంది. ఇన్సులిన్ ఒక ప్రోటీను. అది గడ్డకడితే దాని నిర్మాణం దెబ్బతింటుంది, తిరిగి కరిగిన తరువాత కంటికి ఏ తేడా కనిపించకపోవచ్చు. గడ్డకట్టిన ఇన్సులిన్‌ను వాడవద్దని మందుతో వచ్చే కాగితంలో ఉంటుంది. ఆ మాట ఎన్నోసార్లు కొనుగోలుదారులకు చదివి వినిపించిన నేను, నా ఫ్రిజ్ దగ్గర మాత్రం దానిని పాటించలేదు.

భవానీపురం నుంచి వచ్చే ఒక పెద్దావిడ ఆ పెట్టెలోంచే ఒక కార్ట్రిడ్జి తీసుకువెళ్లారు. ఆవిడ ఎర్ర పిల్లికి ఏడాదిగా రెండు పూటలా రెండేసి యూనిట్లు వేస్తున్నారు. చెవి అంచున గుచ్చి చూస్తే షుగర్ 150 నుంచి 200 మధ్య ఉండేది. కొత్త కార్ట్రిడ్జి మొదలుపెట్టిన మూడో రోజు నుంచి అది 380 దాటింది. నీళ్ల గిన్నె మధ్యాహ్నానికే ఖాళీ అవుతోందని, పిల్లి పడుకున్న చోటు నుంచి లేచి రావడం లేదని ఆవిడ చెప్పారు. “బాబూ, దాని తిండి మారలేదు, సూది వేసే వేళ మారలేదు, మారింది మీరిచ్చిన మందొక్కటే, ఒకసారి చూడండి” అని ఆ కార్ట్రిడ్జిని స్టీలు డబ్బాలో పెట్టి తెచ్చారు. తడిసిన అట్టపెట్టె అప్పుడు గుర్తుకొచ్చింది. బ్యాచ్ నంబరు చూసి బిల్లులన్నీ వెదికితే, ఆ పెట్టెలోంచి ఏడుగురికి అమ్మినట్టు తేలింది: మూడు పిల్లులు, ఒక కుక్క, ముగ్గురు మనుషులు. ఆ పూటే ఏడుగురికీ ఫోన్ చేశాము. వెనక్కి తీసుకున్నవీ, అమ్మకుండా మిగిలినవీ అన్నీ పక్కన పెట్టేశాము. ఆ నష్టం పూర్తిగా మాదే.

నన్ను ఎక్కువగా భయపెట్టింది షుగర్ పెరగడం కాదు. ఆ పిల్లికి మోతాదును మూడు యూనిట్లకు పెంచుదామని వైద్యుడు మరునాటికి అనుకుని ఉన్నారు. ఆయన ముందున్న అంకెలను బట్టి అది సరైన ఆలోచనే. కానీ పనిచేయని మందు మీద మోతాదు పెంచుకుంటూ పోయి, ఆ కార్ట్రిడ్జి అయిపోయాక మంచి మందు చేతికొచ్చినప్పుడు అదే పెంచిన మోతాదు వేసి ఉంటే, పిల్లి షుగర్ ఒక్కసారిగా పడిపోయి ప్రాణం మీదికి వచ్చేది. అందుకే మీ అందరినీ కోరేదేమిటంటే, కొత్త సీసా గానీ కార్ట్రిడ్జి గానీ మొదలుపెట్టిన వారం రోజుల్లోపు షుగర్ కారణం లేకుండా పెరిగితే, మోతాదు మార్చే ముందు మందు మారిన సంగతి వైద్యుడికి చెప్పండి, మాకూ చెప్పండి. అనుమానం ఉన్న కార్ట్రిడ్జిని వాదన లేకుండా మార్చి ఇస్తాము.

ఇప్పుడు ఇన్సులిన్‌కు విడిగా ఒక ఫ్రిజ్ పెట్టాము, దానికి ఇన్వర్టర్ కలిపాము. రోజంతటిలో అత్యధికం, అత్యల్పం ఎంతకు చేరిందో గుర్తుంచుకునే థర్మామీటరును మధ్య అరలో ఉంచి, పొద్దున తెరిచేటప్పుడూ రాత్రి మూసేటప్పుడూ ఆ రెండు అంకెలనూ పుస్తకంలో రాస్తున్నాము. అవి 2 నుంచి 8 డిగ్రీల లోపు లేకపోతే ఆ రోజు ఇన్సులిన్ అమ్మము. పెట్టెలు వెనక గోడకు తగలకుండా తీగల బుట్టలో పెడుతున్నాము. సరుకు వచ్చినప్పుడు ఐస్ ప్యాకులు వెచ్చబడి ఉంటే లోపలి మందు పెట్టె తెరవకుండానే తిప్పి పంపుతున్నాము. జూన్‌లో ఒకసారి అలా పంపినందువల్లే నాలుగు రోజులు మీలో కొందరు వేచి ఉండాల్సి వచ్చింది, క్షమించాలి. ఇంటికి పంపేటప్పుడు ఐస్ ప్యాకును వార్తాపత్రికలో రెండు మడతలు చుట్టి, మందుకు నేరుగా తగలకుండా థర్మోకోల్ పెట్టెలో పెడుతున్నాము. మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు దాకా వేసవిలో పంపడం మానేశాము.

ఇక ధర విషయం. మనం వాడుతున్నది మనుషుల కొలతకు తయారైన మందు. ఎక్కువ పిల్లులకు పూటకు ఒకటి రెండు యూనిట్లకు మించి మొదలుపెట్టరు. 3 మిల్లీలీటర్ల గ్లార్జిన్ కార్ట్రిడ్జిలో మిల్లీలీటరుకు 100 యూనిట్ల చొప్పున 300 యూనిట్లు ఉంటాయి. పూటకు ఒక యూనిట్ వేసే పిల్లికి 28 రోజులకు 56 యూనిట్లు చాలు. వాడకం మొదలైన 28 రోజుల తరువాత పారేయమని మందు కాగితంలో ఉంటుంది కనుక, కార్ట్రిడ్జిలోనే ఐదింట నాలుగు వంతులకు పైగా మిగిలిపోతుంది. అదే 10 మిల్లీలీటర్ల సీసా అయితే వెయ్యి యూనిట్లు. యూనిట్ లెక్కన సీసా చవకగా కనిపించినా, పిల్లి ఇంట్లో అది చవక కాదు. ఈ లెక్క తెలిసీ ఒకరిద్దరికి మొదట్లో పెద్ద సీసా ఇచ్చాను, అప్పుడు నా దగ్గర అదే ఉంది కాబట్టి. ఇకపై పిల్లికి అని చెప్పిన వారికి కార్ట్రిడ్జి విడిగా ఒకటే ఇస్తాము, మందు కాగితం నకలు జతచేస్తాము. ఫ్రిజ్‌లో ఉంచి, రంగు మారకుండా, నలకలు లేకుండా ఉంటే మరికొన్నాళ్లు వాడవచ్చని కొందరు పశువైద్యులు చెబుతారు. అది మీ పిల్లిని చూస్తున్న వైద్యుడు తేల్చవలసిన విషయం. అమ్మేవాడిగా నేను 28 రోజులనే చెబుతాను.

2022 సెప్టెంబరులో విడుదలైన జాతీయ అత్యవసర ఔషధాల జాబితాలో గ్లార్జిన్‌ను కూడా చేర్చారు. అందువల్ల దాని ధరకు ప్రభుత్వం గరిష్ఠ పరిమితి విధిస్తుంది. బయోకాన్ వారి బేసలాగ్, వాక్‌హార్ట్ వారి గ్లారిటస్ వంటి మన దేశపు తయారీలు కూడా అందుబాటులో ఉన్నాయి. ఏ బ్రాండు అయినా పరవాలేదా అని మీ వైద్యుడిని అడిగి చీటీలో రాయించుకుంటే, ఆ నెల ఏది తక్కువకు దొరికితే అది ఇవ్వగలము. ఆయన చెప్పకుండా మాత్రం బ్రాండు మార్చము. మనుషులకు ఎక్కువగా అమ్ముడయ్యే, మబ్బుగా ఉండే ఎన్‌పీహెచ్ రకం ఇన్సులిన్ ఇంకా చవక. పిల్లుల శరీరంలో దాని ప్రభావం చాలాసార్లు పూట గడవకముందే తగ్గిపోతుంది. ధర చూసి ఆ రకానికి మారతామని అడిగిన వారికి అందుకే ముందు వైద్యుడితో మాట్లాడమని చెబుతున్నాము.

మందు కన్నా సిరంజి దగ్గర జరిగే తప్పు పెద్దది కాబట్టి దీని గురించి కాస్త వివరంగా రాస్తాను. మన దేశంలో ఇన్సులిన్‌ను ఎక్కువగా రెండు గాఢతల్లో అమ్ముతారు: మిల్లీలీటరుకు 40 యూనిట్లది, 100 యూనిట్లది. 40కి ఎర్ర మూత సిరంజి, 100కి నారింజ మూత సిరంజి. మనం వాడే గ్లార్జిన్ 100 గాఢత కలది. దానిని ఎర్ర మూత సిరంజితో ‘1’ గీత దాకా తీస్తే లోపలికి వెళ్లేది ఒక యూనిట్ కాదు, రెండున్నర యూనిట్లు. నాలుగు కిలోల జీవానికి ఆ తేడా ప్రాణాంతకం కావచ్చు. తిరగబడితే, అంటే 40 గాఢత మందును నారింజ మూత సిరంజితో తీస్తే, ‘1’ గీతకు వెళ్లేది 0.4 యూనిట్ మాత్రమే. ఇంట్లో తాతగారికీ పిల్లికీ ఇద్దరికీ షుగర్ ఉన్న కుటుంబం ఒకటి మాకు తెలుసు. రెండు రకాల సిరంజిలూ ఒకే డబ్బాలో ఉండేవి. ఇప్పుడు పిల్లివి విడిగా, మూత మీద పిల్లి బొమ్మ అంటించిన డబ్బాలో ఉంచుతున్నారు.

నారింజ మూత ఉంటే సరిపోదు. ఒక మిల్లీలీటరు సిరంజి మీద గీతలు రెండేసి యూనిట్లకు ఒకటి చొప్పున ఉంటాయి, కాబట్టి ఒక యూనిట్ అన్నది రెండు గీతల మధ్య ఊహించుకోవలసిన చోటు అవుతుంది. 0.3 మిల్లీలీటర్ల సిరంజి మీద యూనిట్‌కు ఒక గీత, కొన్నిటి మీద అర యూనిట్‌కు కూడా ఒక గీత ఉంటుంది. అది దొరకడం కష్టం, ధర కూడా ఎక్కువ. అయినా పిల్లుల కోసం అవే తెప్పించి, మాకు పడిన ధరకే ఇవ్వాలని నిర్ణయించుకున్నాము. లాభం లేని సరుకు ఎందుకని మా అబ్బాయి అడిగాడు. ఎర్ర పిల్లి సంగతి తరువాత ఈ విషయంలో లెక్క చూసుకోవడానికి నాకు మనసు ఒప్పలేదు.

డబ్బు ఆదా కోసం మీరు అడుగుతున్న కొన్నిటిని మేము చేయలేము. సెలైన్ కలిపి పలచన చేసి ఇమ్మని అడగవద్దు. గ్లార్జిన్ ఆమ్ల ద్రావణంగా ఉండి, చర్మం కిందికి వెళ్లాక సన్నని రవ్వలుగా మారి నెమ్మదిగా కరుగుతుంది, అందుకే ఎక్కువసేపు పనిచేస్తుంది. పలచన చేసినా మరో ఇన్సులిన్‌తో కలిపినా ఆ గుణం పాడవుతుంది. ఒక కార్ట్రిడ్జిని రెండు ఇళ్లవారు పంచుకోవడానికి సిరంజిల్లో ముందుగానే నింపి ఇవ్వము. ఒకసారి ఇంటికి వెళ్లిన ఇన్సులిన్‌ను, సీలు తీయకపోయినా, వెనక్కి తీసుకుని మరొకరికి అమ్మము. మీ ఫ్రిజ్ మీద అపనమ్మకం ఉండి కాదు, నా ఫ్రిజ్‌లోనే ఏం జరిగిందో చూశాను కనుక.

ఇంట్లో మధ్య అరలో, మూత ఉన్న చిన్న డబ్బాలో పెట్టండి. ఫ్రీజర్ కిందనే ఉండే అరలో గానీ, వెనక గోడకు ఆనించి గానీ పెట్టవద్దు. గ్లార్జిన్‌ను ఊపనక్కరలేదు. కార్ట్రిడ్జి నుంచి సిరంజితో తీసేటప్పుడు లోపలికి గాలి ఎక్కించవద్దు, ఎక్కువ తీసినా తిరిగి లోపలికి పంపవద్దు. మొదలుపెట్టిన తేదీని తెల్ల ప్లాస్టరు ముక్క మీద రాసి అంటించండి. ఈ నెల నుంచి ఆ ముక్క మేమే అంటించి ఇస్తున్నాము. సంక్రాంతికి ఊరెళ్లేటప్పుడు వెడల్పు మూతి ఫ్లాస్కులో, గుడ్డ చుట్టిన చిన్న ఐస్ ప్యాకుతో తీసుకువెళ్లండి, ఎండలో నిలిపిన కారులో వదలకండి. వాడిన సూదులను గట్టి ప్లాస్టిక్ సీసాలో మూత బిగించి ఉంచి, మీ పశువైద్యశాలలో తీసుకుంటారేమో అడగండి. చెత్త ఎత్తేవారి చేతికి గుచ్చుకునేలా సంచిలో పడేయవద్దు.

పిల్లి తినకపోతే, వాంతి చేసుకుంటే, ఆ పూట ఇన్సులిన్ వేయడానికి ముందే వైద్యుడికి ఫోన్ చేయండి. తూలుతూ నడిచినా, నీరసంగా పడిపోయినా, వణుకు వచ్చినా తేనె గానీ గ్లూకోజు నీళ్లు గానీ చిగుళ్లకు రాసి వెంటనే ఆసుపత్రికి తీసుకువెళ్లండి. స్పృహ లేని పిల్లి నోట్లో ఏదీ పోయవద్దు.

చీటీ లేకుండా ఇన్సులిన్ ఇవ్వలేము. చీటీలో ఇన్సులిన్ పేరు, గాఢత, పూటకు ఎన్ని యూనిట్లు, ఏ సిరంజి అన్నవి నాలుగూ ఉండేలా చూసుకోండి. సిరంజి రకం రాయకపోతే మేమే మీ ముందే వైద్యుడికి ఫోన్ చేసి అడుగుతాము, దానికి పది నిమిషాలు పట్టవచ్చు. ఉష్ణోగ్రతలు రాసే పుస్తకాన్ని కౌంటరు పక్కన ఇన్సులిన్ ఫ్రిజ్ తలుపుకే తాడుతో వేలాడదీశాము. మందు తీసుకునే ముందు ఆ రోజు పేజీ తిప్పి చూసుకోండి, అంకెలు రాసి లేకపోతే కొనవద్దు.