ఆగస్టులో మెరుగు పెట్టిన రాడ్ల గురించి, ఉన్నదున్నట్టు

నమస్తే అండీ. ఆగస్టులో మా దగ్గర పాత ఫిషింగ్ రాడ్లు బాగుచేయించుకున్న ఏడుగురిని రాడ్లు వెనక్కి తెమ్మని అడుగుతున్నాను, ఎందుకో మిగతా వాళ్లకి కూడా తెలియాలని ఇక్కడ రాస్తున్నాను. గాలం దారం (లైను) దూరే రింగుల దగ్గర చుట్టిన దారం మీద వేసిన ఎపాక్సీ పూత, అంటే రెండు భాగాలు కలిపితే గట్టిపడే జిగురు, పాలు కలిపినట్టు మసకబారింది, రెండు రాడ్ల మీదయితే వేలు పెడితే ఇప్పటికీ జిగటగా తగులుతోంది.

తప్పు నాదే. ఆగస్టులో వైజాగ్ గాలి సంగతి మనకి తెలుసు, ఆరేసిన బట్టలు రెండు రోజులైనా తడి వాసన పోవు. ఎపాక్సీని గట్టిపరిచే రెండో భాగం ఉంటుంది కదా, అది గాలిలో తేమ ఎక్కువైతే పైన మైనంలాంటి పొర కడుతుంది. అది తెలిసి కూడా, చవితి సెలవులకి రాడ్లు కావాలని అడిగిన వాళ్లకి కాదని చెప్పలేక వాన పడుతున్న రోజే పూత వేసేశాను.

ఆ ఏడింటికీ పైసా తీసుకోకుండా మళ్లీ చేస్తాను. మసక పైపైనే ఉంటే గోరువెచ్చని సబ్బు నీళ్లతో కడిగి, సన్నని శాండ్ పేపర్‌తో నునుపు తీసి, మళ్లీ పూస్తే సరిపోతుంది. లోపలికి దిగితే మాత్రం దారం మొత్తం కోసి తీసి కొత్తది చుట్టాలి. వాటిలో ఒకటి ఎర్ర దారం రాడ్, దానికి ముందుగా రంగు నిలిపే ద్రావణం పూయకపోతే ఎపాక్సీ పడగానే నైలాన్ దారం తడి గుడ్డలా నల్లబడుతుంది, అందుకే తొందరపెట్టొద్దని ఆయనకి ముందే చెప్పాను. పూసిన తర్వాత కూడా పూత బిగిసేదాకా రాడ్‌ని చిన్న మోటారు మీద నెమ్మదిగా తిప్పుతూనే ఉండాలి, లేకపోతే ఒక పక్కకి జారి బొట్టుగా వేలాడుతుంది.

కార్తీకం వెళ్లి గాలి పొడిబారేదాకా కొత్తగా పూత పనులు తీసుకోను.

ఈలోగా చాలా పని మీరే ఇంట్లో చేసుకోవచ్చు. నిజానికి మా దగ్గరికి వచ్చే పాత రాడ్లలో సగానికి పైగా మురికి పట్టినవే తప్ప పాడైనవి కావు. కార్క్ పిడి ఉంటే గోరువెచ్చని నీళ్లలో రెండు చుక్కలు గిన్నెలు తోమే లిక్విడ్ వేసి, మెత్తని పళ్ల బ్రష్‌తో రుద్దండి. ఎర ముట్టుకున్న చేతుల జిడ్డు, చేప జిగురు, ఏళ్ల చెమట కలిసి నల్లగా పేరుకున్నది ముందు గోధుమ రంగు నురగగా దిగుతుంది, కింద లేత తేనె రంగు కనిపిస్తుంది, అది చూసినప్పుడు నాకు ఇప్పటికీ సంతోషమే. నీళ్లలో నానబెట్టకండి. ఒక రోజు నీడలో ఆరనిచ్చి, గుంటలుంటే పాత కార్క్ పొడిని ఫెవికాల్‌తో కలిపి నింపి, బాగా గట్టిపడ్డాక 220 నంబరు, ఆ తర్వాత 400 శాండ్ పేపర్ తేలిగ్గా పట్టండి. గట్టిగా రుద్దితే పిడి సన్నబడిపోతుంది.

తెన్నేటి పార్కు కింద రాళ్ల మీద ఆడిన రాడ్లకి రీలు బిగించే చోట ఇత్తడి మీద పచ్చగా చిలుము పడుతుంది. వెనిగర్‌లో ముంచిన గుడ్డతో తుడిచి, వెంటనే మంచినీళ్లతో కడిగి ఆరబెట్టండి. రింగుల్లోంచి కొంచెం దూది లాగి చూడండి, పీచు పట్టుకుందంటే అక్కడ పగులో గీతో ఉన్నట్టే, పైకి ఎంత మెరిసినా అది లైను కోసేస్తుంది.

కార్బన్ రాడ్‌కి మాత్రం థిన్నరు, శాండ్ పేపరు దగ్గరికి రానివ్వకండి. లోపలి నారలు తెగితే కంటికి కనపడదు, చేప పడ్డప్పుడే తెలుస్తుంది. సబ్బు నీళ్లు, పొడిగుడ్డ, ఆ పైన కొంచెం కారు వ్యాక్స్, అంతే. పాత ఫైబర్‌గ్లాస్ ఎండకి పౌడర్‌లా రాలుతుంటే చేతికి గ్లౌజులు, ముక్కుకి మాస్కు లేకుండా ముట్టుకోకండి, ఆ నారలు చర్మంలో దిగితే రెండు రోజులు గుచ్చుతూనే ఉంటాయి.

మొన్న ఒకాయన పగిలిన కార్బన్ రాడ్ తెచ్చి, పగులు కనపడకుండా పూత వేసిస్తే అమ్ముకుంటానన్నారు. వేయలేదు, ఎంతిచ్చినా వేయను. ఆ రాడ్ కొన్నవాళ్లు దానితో పండుగప్పని లాగబోతే చేతిలోనే విరుగుతుంది.

ఏడుగురిలో ఐదుగురు రాడ్లు తెచ్చి ఇచ్చారు. ఇంకా రెండు రావాలి, పసుపు రంగు ఏడడుగుల ఫైబర్‌గ్లాస్‌ది ఒకటి, ఆకుపచ్చ దారం చుట్టినది ఒకటి, నంబర్లు మారినట్టున్నాయి, ఫోన్లు కలవడం లేదు. ఇది చదివితే తెచ్చి ఇవ్వండి. పూత ఇంకా జిగటగా ఉంటే అప్పటిదాకా గుడ్డ సంచిలో మాత్రం పెట్టకండి, నూగు అంటుకుంటే దారం కోయక తప్పదు.