డబ్బా నువ్వే తీసుకురా

చి. సుజాతకు నాన్న ఆశీస్సులు.

ఇక్కడ మేం కులాసా. మీ అమ్మ మోకాలు మామూలే. వద్దన్నా వినదు, ముగ్గు వేస్తానని కూర్చుంటుంది, లేవడానికి నన్ను పిలుస్తుంది. వీధి మొదట్లో వేపచెట్టు కొట్టేశారు. ఇవన్నీ ఫోన్లోనే చెప్పేవాణ్ణి, నువ్వు ఎత్తి ఇరవై రెండు రోజులైంది. వాయిదాలు లెక్కపెట్టిన బుద్ధి, పోదు.

వేణు వాళ్ల గృహప్రవేశంలో లచ్చత్త మీ అమ్మను వంటింట్లోకి లాగి ఏదో చెప్పిందట. బెంగళూరులో మీ ఇంటికొచ్చినప్పుడు రెండో గదిలో మంచం మీద నీ దుప్పటి, కళ్లజోడు, మాత్రలు చూసిందట. చూసింది ఒకసారి, చెప్పింది పదిమందికి. నేను పట్టించుకోలేదు. నిన్ను అడగను కూడా. ఆ మాత్రలేమిటో మాత్రం చెప్పు. థైరాయిడ్‌వేనా? పరగడుపునే వేసుకుంటున్నావా?

సలహా ఇవ్వడానికి రాయడం లేదు. ఊరికే ఒక పాత కేసు గుర్తొచ్చింది. అప్పుడు నేను కడప కోర్టులో బెంచి క్లర్కుని. ముప్పై ఏళ్లావిడ, పెళ్లి చెల్లదని వేసింది. హాలు నిండా భూతగాదాల వాళ్లు, చెవులు రిక్కించి కూర్చున్నారు. ఆమె కొంగు అంచు మడుస్తుంది, విప్పుతుంది, నోరు పెగలదు. జడ్జిగారు అందర్నీ పంపించి తలుపులు వేయించారు. (హిందూ వివాహ చట్టంలోనే ఉందమ్మా, 22వ సెక్షన్. ఇలాంటివి నలుగురి ముందు వినకూడదు.) నేను ఉండక తప్పదు కదా, ఫైలు చూస్తున్నట్టు తల వంచుకున్నాను. 'రాత్రి పది కాగానే చాప చంకన పెట్టుకుని మిద్దె ఎక్కేవాడు సార్. వానలొస్తే దిగుతాడులే అనుకున్నా. వానలొచ్చాక వసారాలో పడుకున్నాడు.' అలా ఏడేళ్లు. కొట్టడు, తిట్టడు, జీతం తెచ్చి చేతిలో పెడతాడు. కేసు పోయింది. మొదటి ఏడాది బాగానే ఉన్నామని క్రాస్‌లో, అవతలి వకీలు అడిగితే, నిజం చెప్పేసింది మరి. 12వ సెక్షన్ కింద రద్దు కావాలంటే, అవతలి మనిషి అశక్తత వల్ల కాపురం అసలు మొదలే కాలేదని రుజువు చేయాలి. ఆమె వకీలు వేయాల్సింది ఒకటి, వేసింది ఒకటి. మళ్లీ 13 కింద విడాకులకు, క్రూరత్వమని వేసి గెలిచేసరికి ఆమె తల సగం నెరిసింది. నువ్వప్పుడు ఉయ్యాల్లో ఉన్నావు.

ఇదెందుకు చెప్పానంటే, మీ పెద్దమామ అప్పుడే 'అల్లుడు పనికిరాడని వేసేయండి' అంటున్నాడు. ఆ మాట నోటితో అనేసినంత తేలిక కాదు, వైద్య పరీక్షల దాకా పోతుంది. నిజం కాకపోతే అంతకంటే పాపం లేదు. 2007లో సమర్ ఘోష్ కేసులో సుప్రీంకోర్టు చెప్పింది వేరు: జబ్బు గానీ సరైన కారణం గానీ లేకుండా, ఒకరే నిర్ణయించుకుని చాలాకాలం దూరం పెడితే అది మానసిక క్రూరత్వం కావచ్చని. కావచ్చు అన్నారు, అవుతుందని కాదు. మొత్తం కాపురం చూస్తారు. అల్లుడికి షుగరో, మనసులో బెంగో ఉందేమో, డాక్టరుకు చూపించారా? అతణ్ణి తప్పుపట్టడం లేదు. పండక్కి వచ్చినప్పుడు నా చెప్పులు కుట్టించి తెచ్చిన పిల్లవాడు.

ఇద్దరికీ ఇష్టమైతే, కలిసి విడాకులు అడగడానికి 13బి ఉంది. ఏడాది వేరుగా ఉండాలి. ఒకే ఇంట్లో ఉన్నా భార్యాభర్తల్లా లేకపోతే వేరుగా ఉన్నట్టేనని 1991లోనే తేల్చారు. పిటిషన్ వేశాక ఆరు నెలలు ఆగమంటారు, 2017 నుంచి తగిన కేసుల్లో దాన్ని కూడా తగ్గిస్తున్నారు. గదులు ఎవరివి ఎందుకు వేరయ్యాయో ఒక్క ముక్క రాయక్కర్లేదు. అయితే డిక్రీ వచ్చేలోపు ఎవరైనా మనసు మార్చుకోవచ్చు, అది గుర్తుంచుకో. వాట్సాప్‌లో కోపంగా ఏమీ రాయకు. నగలు ఏ లాకర్లో ఉన్నాయో...

చూశావా, మళ్లీ మొదలెట్టాను. మీ అమ్మ వెనక నిలబడి చదువుతోంది, 'కోర్టు కాగితంలా ఉంది' అంటోంది.

ఏదీ వేయకపోయినా సరే, ఏది వేసినా సరే. ఆ సంగతి మాకు చెప్పకపోయినా సరే. మిద్దె మీది గదికి ఫ్యాను బిగించాను, ఊరికే, ఎండలు ముదురుతున్నాయని. వేణు చేతికి కందిపొడి, చింతకాయ పచ్చడి ఇచ్చి పంపుతున్నాను. పచ్చడిలో తడి గరిటె పెట్టకు. స్టీలు డబ్బా మీ అవ్వది, ఎవరి చేతికీ ఇచ్చి పంపొద్దు. నువ్వే తీసుకురా.

నాన్న