బి.పి. మాత్రకూ ఎముకల కాల్షియానికీ ముడిపెట్టకండి

సంపాదకులకు,

అయ్యా,

మీ పత్రిక ఆరోగ్యం పేజీలో ఇటీవల ఒక పాఠకురాలి ప్రశ్నకు జవాబిస్తూ, రాత్రిళ్లు పిక్కలు పట్టేయడం ఒంట్లో కాల్షియం తగ్గిందనడానికి గుర్తు అని, రక్తపోటుకు వాడే కొన్ని మాత్రలు కాల్షియాన్ని అడ్డుకుంటాయి కాబట్టి వాటిని వాడేవారు మరింత జాగ్రత్తగా ఉండాలని రాశారు. దాని ఫలితం విశాఖలో నా కళ్లముందే కనిపించింది. పొద్దున్నే బీచ్ రోడ్డుకు నడకకు వచ్చే మా పెద్దవాళ్ల బృందంలో ఇద్దరు రక్తపోటుకు వాడే ఆమ్లోడిపిన్ మాత్రను ఇంట్లో కూడా చెప్పకుండా మానేశారు. వారిలో ఒకరు ఆ డబ్బుతో కాల్షియం బిళ్లలు కొనుక్కున్నారు. జంతుశాస్త్రం బోధించి విశ్రాంతి తీసుకుంటున్నవాడిగా, ఆ జవాబులో జరిగిన పొరపాటును వివరించడం అవసరమనిపించి ఈ లేఖ రాస్తున్నాను.

మన ఒంట్లోని కాల్షియంలో దాదాపు 99 శాతం ఎముకల్లోనూ పళ్లలోనూ ఉంటుంది. రక్తంలో తిరిగే కాస్త భాగం హెచ్చుతగ్గులు కాకుండా పారాథైరాయిడ్ గ్రంథులు, విటమిన్ డి కనిపెట్టుకొని ఉంటాయి. ఆమ్లోడిపిన్ వీటి జోలికి పోదు. అది పనిచేసేది కండర కణాల పొరలో ఉండే కాల్షియం చానెళ్ల మీద, అంటే కాల్షియాన్ని కణంలోకి రానిచ్చే ద్వారాల మీద. విశ్రాంతిగా ఉన్న కండర కణం లోపల కాల్షియం అయాన్ల గాఢత బయటి ద్రవంలో ఉన్నదానిలో సుమారు పదివేలో వంతు మాత్రమే ఉంటుంది. పొర మీది విద్యుత్ పీడనం మారినప్పుడు చానెళ్లు కొన్ని మిల్లీసెకన్ల పాటు తెరుచుకొని మూసుకుంటాయి. గుండె, కాళ్లు, చేతుల కండరాల్లో, కణంలో పెరిగిన కాల్షియం ట్రోపోనిన్ అనే ప్రొటీన్‌కు అంటుకోగానే ఆక్టిన్ అనే ప్రొటీన్ తంతువుల మీది అడ్డు తొలగి, మయోసిన్ అనే మరో ప్రొటీన్ తలలు వాటిని పట్టి లాగడంతో కండరం బిగుస్తుంది. పని అయ్యాక ఆ కాల్షియాన్ని తిరిగి కణం లోపలి నిల్వ కోశాల్లోకి ఎత్తిపోసే పంపులకు కణానికి శక్తినిచ్చే ఏటీపీ అనే పదార్థం కావాలి, అంటే కండరం వదులు కావడానికీ శక్తి ఖర్చవుతుంది. (ఆ ఏటీపీని 1929లో కండరంలో గుర్తించినవారిలో భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు ఒకరన్న సంగతి ఇక్కడ చెప్పకుండా ఉండలేను.)

అసలు విషయమేమిటంటే, కండరాలన్నీ ఈ చానెళ్లను ఒకే తీరున వాడుకోవు. 1880లలో లండన్‌లో సిడ్నీ రింగర్ అనే వైద్యుడు కప్ప గుండె మీద ప్రయోగాలు చేస్తూ, కుళాయి నీటితో కలిపిన ఉప్పు ద్రావణంలో చక్కగా కొట్టుకునే గుండె, స్వేదనజలంతో కలిపిన ద్రావణంలో నీరసించి ఆగిపోవడం గమనించి, కుళాయి నీటిలోని కాల్షియమే ఇందుకు కారణమని తేల్చారు. కాలి కండరం అలా కాదు, చుట్టూ కాల్షియం లేకపోయినా చాలాసేపు స్పందిస్తూనే ఉంటుంది. గుండె కణంలో చానెల్ గుండా వచ్చిన కొద్దిపాటి కాల్షియమే సార్కోప్లాస్మిక్ రెటిక్యులం అనే ఆ నిల్వ కోశాల మీద తలుపుల్లా ఉండే రయనోడిన్ గ్రాహకాలను తెరిపించి, అక్కడి నిల్వను విడుదల చేయిస్తుంది. చేతులు, కాళ్ల కండరాల్లోనైతే ఆ చానెల్ ప్రొటీన్ విద్యుత్ మార్పును పసిగట్టి తన ఆకారం మార్చుకొని, లోపలి తలుపును తాడు కట్టి లాగినట్టు తెరుస్తుంది. అక్కడ బయటి కాల్షియం లోపలికి రావలసిన పనే లేదు. "ఈ మాత్ర వేసుకుంటే కాళ్లలో సత్తువ తగ్గిపోదా, మాస్టారూ?" అని మా బృందంలోని ఒకావిడ అడిగిన ప్రశ్నకు, తగ్గదని నేను ధైర్యంగా చెప్పగలిగింది ఇందువల్లే.

రక్తనాళాల గోడల్లోని నునుపు కండరం మాత్రం గంటల తరబడి కొద్దికొద్దిగా బిగుసుకొని ఉండేందుకు ఈ చానెళ్ల గుండా వచ్చే కాల్షియం మీదే చాలావరకు ఆధారపడుతుంది. ఆమ్లోడిపిన్ ఆ రాకను తగ్గించగా సన్నని ధమనులు వదులై రక్తపోటు దిగుతుంది. అవి వదులైనంతగా సిరలు వదులు కావు కాబట్టి కేశనాళికల నుంచి నీరు బయటికి ఊరి, సాయంత్రానికి చెప్పుల పట్టీ అచ్చు పాదం మీద పడేంతగా కొందరికి కాళ్లు వాస్తాయి. అదే కోవకు చెందిన వెరాపమిల్, డిల్టియాజెమ్ గుండె మీద కూడా పనిచేసి నాడిని నెమ్మదింపజేస్తాయి, అందుచేత ఈ మాత్రలన్నిటినీ ఒకే గాటన కట్టడం కూడా తగదు.

రక్తంలో కాల్షియం బాగా పడిపోతే చేతులు కొంకర్లు పోతాయన్నది నిజమే. కండరానికి కాల్షియం కావాలన్నప్పుడు అది తగ్గితే కండరం వదులు కావాలి గానీ బిగుసుకోవడమేమిటని నా విద్యార్థులు ఏటా అడిగేవారు, అడగవలసిన ప్రశ్నే అది. అక్కడ చెలరేగేది నరం. బయటి ద్రవంలో కాల్షియం తగ్గినప్పుడు నరాల్లోని సోడియం చానెళ్లు చిన్న ప్రేరణకే తెరుచుకొని, కండరానికి అదుపు లేకుండా సంకేతాలు పంపుతాయి. ఆ స్థితిని తెచ్చిపెట్టేది ఆమ్లోడిపిన్ కాదు. రాత్రిళ్లు పిక్కలు పట్టేవారిలో ఎక్కువమందికి రక్తంలో కాల్షియం మామూలుగానే ఉంటుంది.

మాత్ర మానేయడంలో మరో చిక్కుంది. ఆమ్లోడిపిన్ ఒంట్లో సగానికి తగ్గడానికే 30 నుంచి 50 గంటలు పడుతుంది. మానేసిన మొదటి రోజుల్లో బి.పి. అంతగా పెరగకపోవడంతో, మందు లేకపోయినా బాగానే ఉన్నామనే నమ్మకం కుదురుతుంది. మా ఇద్దరు మిత్రులూ సరిగ్గా అదే మాట చెప్పి మిగతావారికి కూడా సలహాలివ్వడం మొదలుపెట్టారు.

కాబట్టి ఈ మాత్ర ఎముకల్లోని కాల్షియాన్ని తీసివేయదని, పిక్కలు పట్టేవారు కాల్షియం బిళ్లలు కొనే ముందు రక్తపరీక్ష చేయించుకోవాలని, కాళ్లు వాస్తే మాత్రను సొంతంగా మానకుండా రాసిన డాక్టరుకే చెప్పాలని తెలిపే సవరణను అదే ఆరోగ్యం పేజీలో, ఆ జవాబు వచ్చిన చోటనే ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

ఇట్లు,
ఒక విశ్రాంత జంతుశాస్త్ర అధ్యాపకుడు,
ఎం.వి.పి. కాలనీ, విశాఖపట్నం