కొర్రమీను పిల్లల గుంపు మీద గాలం వేయొద్దు

సంపాదకుడు గారికి,

వానలు పడి చెరువుల్లోకి కొత్త నీరు రాగానే మా వైపు మత్తడి (అలుగు) దగ్గరా, శిఖం (చెరువు నీరు పరుచుకునే నేల) అంచుల్లోనూ గాలాలు పట్టుకుని జనం చేరతారు. అందులో తప్పేం లేదు, నేనూ చిన్నప్పటి నుంచి గాలం వేసేవాణ్ణే. నా బాధల్లా కొర్రమీను గురించి.

గడ్డి, తుంగ ఉన్న లోతు తక్కువ నీళ్లలో కాస్త జాగా శుభ్రం చేసుకుని ఈ చేప గుడ్లు పెడుతుంది. ఒకటి రెండు రోజుల్లో పిల్లలవుతాయి. ఇక అక్కణ్ణుంచి కొన్ని వారాల పాటు తల్లీతండ్రీ వాటిని విడిచిపోవు. నారింజ రంగు పిల్లలు వందల కొద్దీ ఒకే గుంపుగా తిరుగుతూ, గాలి కోసం మాటిమాటికీ పైకి వస్తుంటాయి. అక్కడ నీళ్లు సన్నగా ఉడుకుతున్నట్టు కదులుతాయి. దాని కిందే పెద్ద చేప కాపలా కాస్తుంది. కప్ప వచ్చినా, ఇంకో చేప వచ్చినా మీద పడుతుంది.

గాలం వేసేవాళ్లకు ఇదంతా తెలుసు. ఎర్ర గుంపు కనబడితే చాలు, సరిగ్గా మధ్యలోకి కప్పనో రబ్బరు కప్పనో విసిరి లాగుతారు. ఆకలి లేకపోయినా పిల్లల కోసం ఆ చేప కరుస్తుంది. రెండోది కూడా దగ్గర్లోనే ఉంటుంది కాబట్టి దాన్నీ వదలరు. ఆ పైన వీడియో. కాపలా లేని పిల్లల్ని మిగతా చేపలు, కొంగలు తినేస్తాయి.

రవ్వ, బొచ్చె గుడ్లు పెట్టాలంటే పారే నీరు కావాలి. అందుకే వాటి పిల్లల్ని ఏటా తెచ్చి చెరువుల్లో వదులుతున్నారు. కొర్రమీనుకు ఆ ఖర్చు అక్కర్లేదు, ఉన్న చెరువులోనే తనంతట తాను పెరుగుతుంది. నేరుగా గాలి పీల్చగలదు కనుక ఎండాకాలం చెరువు అడుగంటినా బురదలో ప్రాణం నిలబెట్టుకుంటుంది. తెలంగాణకు రాష్ట్ర చేప ఇదే. మృగశిర నాడు హైదరాబాద్‌లో చేప మందుతో మింగించే పిల్ల కూడా ఇదే.

మన సముద్ర తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు 61 రోజులు మరపడవల వేట ఆపుతారు. చేపల్ని పట్టడానికి నీళ్లలో విషం కలపకూడదని 1897 నాటి చట్టమే చెప్పింది. పిల్లలతో ఉన్న కొర్రమీనుకు కూడా అలాంటి రక్షణ ఒకటి కావాలి. వల మీద బతికేవాళ్ల నోటి దగ్గర కూడు తీయమని నేననడం లేదు. వానాకాలంలో పిల్లల గుంపు మీద గాలం వేయకూడదు, పొరపాటున పెద్ద చేప పడితే అక్కడే వదిలేయాలి అని మత్స్యశాఖ ఒక ఉత్తర్వు ఇవ్వాలి. మత్స్య సహకార సంఘాలూ, పంచాయతీలూ ఆ మాటను ఈ సీజన్‌లోనే మత్తడి దగ్గర బోర్డు మీద రాయించాలి.

– ఒక పాఠకుడు, సిద్దిపేట జిల్లా