పూచీ సంతకానికి భయమెందుకు?

సంపాదకులకు నమస్కారం.

మా బుర్రకథ దళంలో ముగ్గురమూ ఆడవాళ్లమే. ఈమధ్య ఊళ్లలో పాత కథలతో పాటు కొత్తదొకటి చెబుతున్నాం. గొలుసు పోయిందని ఇంటివాళ్లు కేసు పెడితే జైలుకెళ్లిన పనిమనిషి కథ. ఆమెకు బెయిలొచ్చింది, జామీను (పూచీ) ఉండేవాళ్లే దొరకలేదు. కథకురాలి పక్కన నవ్వించే హాస్యం వంత తన గుమ్మెట వాయిద్యం వదిలేసి, "సంతకం పెడితే నా పొలం పాస్‌బుక్కు కోర్టు లాగేసుకుంటుందేమోనమ్మా!" అని వణుకుతుంది. జనం పడీపడీ నవ్వుతారు, ఆ అనుమానం వాళ్లదే మరి! ఆ పనిమనిషి వాయిదాలకు రాకుండా పారిపోతేనే పూచీ సొమ్ము కట్టాల్సొస్తుందని, రెండోపక్క లోకం సంగతులు చెప్పే రాజకీయం వంత విప్పి చెబుతుంది.

మగవాడు జైల్లో పడితే తల్లీ, పెళ్లామూ లాయరు చుట్టూ తిరుగుతారు. అదే ఆడది వెళ్తే, పరువు పోయిందని సొంతవాళ్లే మొహం చాటేస్తారు. ఆరేళ్లలోపు పిల్లలుంటే వాళ్లూ తల్లితో లోపలే.

పేద ఖైదీల కోసం కేంద్రం 2023లో ఒక పథకం తెచ్చింది. బెయిలు సొమ్ము కట్టలేని విచారణ ఖైదీకి రూ.40 వేల వరకు, జరిమానా కట్టలేక ఉండిపోయినవారికి రూ.25 వేల వరకు సాయం ఇవ్వాలని అప్పట్లో నిర్ణయించారు. మేం వెళ్లిన ఊళ్లలో ఈ సంగతి తెలిసినవాళ్లే కనబడలేదు. కరపత్రాలు వేస్తే అవి పకోడీ పొట్లాలవుతాయి.

అందుకే పేదలకు ఉచిత న్యాయ సాయం చేసే జిల్లా న్యాయ సేవాధికార సంస్థలు పొదుపు సంఘాల సమావేశాల్లో ఇలాంటి కథలు చెప్పించాలి. రాజమహేంద్రవరం మహిళా జైల్లోనూ మాకొక పూట అవకాశమివ్వాలి. పారితోషికం అక్కర్లేదు, బస్సు ఛార్జీలిస్తే చాలు.

– ఒక బుర్రకథ కళాకారిణి, తణుకు