1060, 580 గ్రాఫిక్స్ కార్డుల విషయంలో మా కస్టమర్లకు వివరణ

మా దుకాణంలో సెకండ్ హ్యాండ్ గ్రాఫిక్స్ కార్డులు కొన్నవారికీ, కొనాలని అడుగుతున్నవారికీ ఈ నాలుగు మాటలు రాస్తున్నాను. ఇందులో మా తప్పు రెండు చోట్ల ఉంది. ఏఎండీ కంపెనీ ఆర్ఎక్స్ 580 అని చెప్పి మేము అమ్మిన కార్డుల్లో కొన్ని అసలైన 580లు కావు. అదీగాక, "ఎన్విడియా 1060లో ఆరు జీబీ మెమరీ, 580లో ఎనిమిది జీబీ, ధర దాదాపు ఒకటే, ఇంకా ఆలోచన ఎందుకు సార్" అని కౌంటర్ దగ్గర నిలబడి నేను ఇచ్చిన సలహా అందరికీ సరిపోయేది కాదు.

ఈ సంగతి మూఢం రోజుల్లో బయటపడింది. తిరుపతిలో ముహూర్తాలు లేని ఆ కొద్ది వారాల్లోనే పెళ్లి వీడియోలు ఎడిట్ చేసేవారికి తీరిక దొరుకుతుంది కనుక, వారి సిస్టమ్‌లన్నీ ఒకేసారి సర్వీసుకు వస్తాయి. తిరుచానూరు రోడ్డులో స్టూడియో నడిపే ఒక కస్టమర్, రెండర్ పెట్టిన పావుగంటకే సిస్టమ్ ఆరిపోతోందని సీపీయూ తీసుకొచ్చారు. పక్క మూత తీయగానే కాలిన ప్లాస్టిక్ వాసన వచ్చింది. ఎనిమిది పిన్నుల కనెక్టర్ లేని ఎస్‌ఎంపీఎస్ (సిస్టమ్‌కు కరెంటు అందించే పెట్టె) నుంచి, పాత హార్డ్ డిస్కులకు వాడే మోలెక్స్ వైరుకు ఒక కన్వర్టర్ తగిలించి 580 కార్డుకు కరెంటు ఇచ్చారు. ఆ తెల్లటి కన్వర్టర్ ఒక మూల గోధుమరంగుకు తిరిగి, పిన్ను చుట్టూ మెత్తబడి వంగిపోయింది. ఇది ఎవరు పెట్టారని అడగబోయి ఆగిపోయాను, ఎందుకంటే వైరు మీద మా దుకాణం స్టిక్కరే ఉంది.

కార్డు బయటికి తీసి, హీట్‌సింక్ స్క్రూలు నాలుగూ విప్పి చూస్తే, చిప్ మీది, వేడిని హీట్‌సింక్‌కు చేర్చే పేస్టు సున్నంలా ఎండిపోయి పొడిపొడిగా రాలింది. పేస్టు మార్చి, మంచి ఎస్‌ఎంపీఎస్‌కు కలిపి, కార్డు వివరాలు చూపించే జీపీయూ-జెడ్ అనే సాఫ్ట్‌వేర్ తెరిచి చూశాను. షేడర్ల (చిప్‌లో లెక్కలు చేసే చిన్న యూనిట్ల) గడిలో 2304 కనిపించాల్సిన చోట 2048 ఉంది.

దీని వెనుక కథ చెప్పాలి. 2017 ఏప్రిల్‌లో ఏఎండీ విడుదల చేసిన ఆర్ఎక్స్ 580లో 2304 స్ట్రీమ్ ప్రాసెసర్లు (షేడర్లకు ఏఎండీ వాడే పేరు) ఉంటాయి. 2018లో చైనా మార్కెట్ కోసం 2048 ప్రాసెసర్లతో మరో రకం వచ్చింది. అంటే పనిలో అది ఆర్ఎక్స్ 570కి సమానం, అసలు 580తో పోలిస్తే తొమ్మిదో వంతు తక్కువ. పెట్టె మీద, కార్డు మీద పెద్ద అక్షరాల్లో కనిపించేది మాత్రం 580 అనే అంకెలే. 2022 సెప్టెంబరులో గ్రాఫిక్స్ కార్డులతో చేసే ఇథీరియం (క్రిప్టో కరెన్సీ) మైనింగు ఆగిపోయాక, రాత్రింబవళ్లు తిరిగిన కార్డులు కుప్పలుగా సెకండ్ హ్యాండ్ మార్కెట్లోకి వచ్చాయి, వాటిలో ఈ రకమూ కలిసింది. మాకు సరుకు పంపినవారు ఆ తేడా చెప్పలేదు. కానీ రెండు నిమిషాల్లో తెలిసిపోయే విషయాన్ని ప్రతి కార్డుకూ చూసుకోకుండా అమ్మడం మా నిర్లక్ష్యమే.

పేరుతో వచ్చే ఈ చిక్కు ఒక్క కంపెనీదే కాదు. 2016లో వచ్చిన ఎన్విడియా జీటీఎక్స్ 1060లోనూ ఆరు జీబీ రకంలో 1280 క్యూడా కోర్లు (షేడర్లకు ఎన్విడియా వాడే పేరు) ఉంటే, మూడు జీబీ రకంలో 1152 మాత్రమే ఉన్నాయి. మూడు జీబీది మేము ఇక తెప్పించము.

ఇక అసలు 580కీ, ఆరు జీబీ 1060కీ మధ్య పోలిక. కోర్ల సంఖ్యను చూసి 2304 పెద్దదా 1280 పెద్దదా అని తూకం వేయడం దండగ, ఎందుకంటే రెండు చిప్‌ల నిర్మాణాలు వేరు. మెమరీని మాత్రం నేరుగా పోల్చవచ్చు. రెండింటిలోనూ ఒకే వేగం గల జీడీడీఆర్5 ఉన్నా, 1060కి 192 బిట్ల దారి, 580కి 256 బిట్ల దారి ఉండడం వల్ల మొదటిది సెకనుకు 192 గిగాబైట్లు, రెండవది 256 గిగాబైట్లు అందిస్తుంది. టెక్స్చర్లు ఎక్కువగా ఉండే కొత్త గేముల్లో, గేము కార్డుతో పని చేయించుకునే కొత్త పద్ధతులైన డైరెక్ట్‌ఎక్స్ 12, వల్కన్ వాడే వాటిలో 580 కొంచెం ముందుంటుంది. డైరెక్ట్‌ఎక్స్ 11 నాటి గేముల్లో 1060 దానికి తీసిపోదు, కొన్నిచోట్ల దాటిపోతుంది కూడా. 1080పీ మానిటర్ ముందు కూర్చుని ఆడే హాస్టల్ కుర్రాడికి ఆ తేడా కంటికి ఆనడం కష్టం.

ఆనేది వేడి. 1060కి 120 వాట్లు, 580కి 185 వాట్లు కావాలి. ఆ మిగిలిన 65 వాట్లంటే, కేబినెట్‌లో ఒక పాతకాలపు 60 క్యాండిల్ బల్బు వెలిగించి మూత బిగించినట్టే. రోహిణి కార్తెలో, ఏసీ లేని గదిలో, గోడకు ఆనించి పెట్టిన సీపీయూలో దాని ఫలితం ఎలా ఉంటుందో మా సర్వీసు బల్ల మీద ప్రతి వేసవిలోనూ చూస్తున్నాము. మదర్‌బోర్డు స్లాటు ఇచ్చేది గరిష్ఠంగా 75 వాట్లు. 1060 మామూలుగా ఆరు పిన్నుల కనెక్టర్‌తో సరిపెట్టుకుంటుంది, 580కి ఎనిమిది పిన్నులది కావాలి. కేబినెట్‌తో పాటు వచ్చిన ఎస్‌ఎంపీఎస్ మీద 450 అని రాసి ఉన్నంత మాత్రాన ఆ వాట్లన్నీ కార్డుకు అవసరమైన 12 వోల్టుల లైనులో ఉన్నట్టు కాదు.

త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్ సాఫ్ట్‌వేర్ వాడేవారికి మరో ముఖ్య విషయం. 2021 చివర వచ్చిన 3.0 వెర్షన్ నుంచి దాని సైకిల్స్ రెండరింగ్‌లో 580 లాంటి కార్డులు పని చేసే ఓపెన్‌సీఎల్ పద్ధతిని తీసేశారు కాబట్టి, ఆ పనికి 580 పనికిరాదు, భారమంతా ప్రాసెసర్ మీదే పడుతుంది. 1060 ఎన్విడియా సొంత పద్ధతి అయిన క్యూడాతో పని చేయగలదు. ఈ సంగతి తెలియక త్రీడీ నేర్చుకునే ఇద్దరు విద్యార్థులకు నేనే 580 అంటగట్టాను.

రెండూ వయసు మీరిన కార్డులేనన్నది దాచను. 580కి 2023 చివరి నుంచి విడిగా, అరుదుగా డ్రైవర్లు వస్తున్నాయి. 1060 తరానికి కొత్త గేముల డ్రైవర్లు 2025 అక్టోబరుతో ముగిశాయి, భద్రతా అప్‌డేట్లు మాత్రం 2028 అక్టోబరు వరకు ఇస్తామని ఎన్విడియా ప్రకటించింది. ఆ కార్డులకు దక్కిన చివరి డ్రైవర్ వరుస సంఖ్య కూడా 580 కావడం చూసి మా కుర్రాళ్లు నవ్వుకున్నారు.

మా దగ్గర 580 కొన్నవారు బిల్లు లేకపోయినా తీసుకురావచ్చు. మీ ఎదుటే జీపీయూ-జెడ్‌లో చూస్తాము. 2048 అని తేలితే, అసలు 580 గానీ, ఆరు జీబీ 1060 గానీ మారుస్తాము. రెండూ వద్దంటే డబ్బు తిరిగి ఇస్తాము. ఆ ఇద్దరు విద్యార్థులకు ఫోను చేసి చెప్పాము. ఇకపై అమ్మే ప్రతి కార్డు వెనుక షేడర్ల సంఖ్య, పేస్టు మార్చిన తేదీ మార్కర్‌తో రాసి ఉంటాయి. మోలెక్స్ కన్వర్టర్లు దుకాణంలో పెట్టడం మానేశాము. వచ్చేటప్పుడు కార్డు ఒక్కటే ఊడదీసి తేవద్దు, సీపీయూ మొత్తం తీసుకురండి, ఎస్‌ఎంపీఎస్ వైర్లు కూడా చూడాలి.