షాపు అమ్మడం లేదు, ఎన్నికల్లో నిలబడుతున్నాను

పోయిన వారం ఒకాయన వేలూరు ఆసుపత్రి ఫైలు జెరాక్సుకి ఇచ్చి, చిల్లర తీసుకుంటూ, "ఏం టీచరమ్మా, షాపు అమ్మేస్తున్నారంట గదా, ఎవురికి?" అన్నాడు. మరుసటి రోజు ట్యూషన్ పిల్లాడి వాళ్ళమ్మ ఫోన్ చేసి, కట్టిన ఫీజు వెనక్కి ఇస్తారా అని మొహమాటంగా అడిగింది. ఇంకొకరికైతే నేను ఏదో పార్టీలో చేరిపోయినట్టు, టికెట్టు కూడా ఖరారైనట్టు తెలిసిందట. ఆ సంగతి నాకు మాత్రం ఇంకా తెలీదు. ఇట్లా ఎవరికి తోచింది వాళ్ళు చెప్పుకునే బదులు, నా నోటితో నేనే చెప్పేస్తే మంచిదనిపించింది.

షాపు అమ్మడం లేదు. ట్యూషన్ ఆపడం లేదు. ఏ పార్టీలోనూ చేరలేదు. 2029 అసెంబ్లీ ఎన్నికల్లో చిత్తూరు నుంచి ఇండిపెండెంటుగా నిలబడాలనుకుంటున్నది మాత్రం నిజం. ఇంకా టైం ఉంది కదా, ఇప్పుడే ఎందుకీ హడావుడి అంటారేమో. ప్రచారం కోసం కాదు. మీకూ నాకూ మధ్య లెక్కలున్నాయి, వాటిలో కొన్ని ఇప్పటి నుంచే మార్చుకోవాలి.

మీలో చాలామందికి తెలుసు, ప్రైవేటు స్కూల్లో పద్నాలుగేళ్ళు లెక్కలు చెప్పి, మిట్టూరులో ఈ షాపు పెట్టుకున్నాను. కింద జెరాక్సు, స్టేషనరీ, డీటీపీ. మేడమీద సాయంత్రం ట్యూషన్. బోర్డు ముందు నిలబడినంత కాలం నాకు పిల్లలే కనిపించేవాళ్ళు. కౌంటర్లో కూర్చున్నాకే వాళ్ళ ఇంట్లోవాళ్ళు కనిపించారు.

గుడిపాల దిక్కు నుంచి ఒక అవ్వ వచ్చేది. కూతురు బెంగళూరులో బట్టల ఫ్యాక్టరీలో పని చేస్తుంది, మనవరాలు అవ్వ దగ్గర ఉండి చదువుకుంటోంది. బడికి పోయే పిల్లల తల్లులకి ప్రభుత్వం ఇచ్చే 'తల్లికి వందనం' డబ్బులు ఆ పాప పేరు మీద పడలేదు. డబ్బు పడాల్సింది తల్లి ఖాతాలో. ఆ ఖాతాకేమో ఆధార్‌ని కలిపే ఎన్‌పీసీఐ లింకు కాలేదు. అవ్వ బ్యాంకుకి పోతే స్కూల్లో అడగమన్నారు, స్కూలుకి పోతే ఊరి సచివాలయం అన్నారు, అక్కడ మళ్ళీ బ్యాంకు అన్నారు. పోయిన ప్రతి చోటా ఒక సెట్టు జెరాక్సులు. ఆధార్ కార్డు ప్లాస్టిక్ కవరు చెమటకి పచ్చబడిపోయి, ఫొటోలో కూతురి మొహం సగం చెరిగిపోయింది. గాజు మీద పెట్టి ఎంత డార్క్ చేసినా కాపీలో ముక్కు దాకే వచ్చేది. అవ్వ ఆ కాగితాన్ని వెలుతురుకి పట్టుకుని చూసి, "ఇది మా బిడ్డేనా అమ్మా?" అనేది. చెంగు ముడి విప్పి, రూపాయి బిళ్ళలు ఒక్కొక్కటే లెక్కపెట్టి ఇచ్చేది. ఐదోసారి వచ్చినప్పుడు ఆమె సంచి తెరవకముందే నేను మిషన్ ఆన్ చేశాను. అన్నీ కలిపి నాకు ఇచ్చింది 38 రూపాయలు. ఆటోలకీ బస్సులకీ ఎంతైందో నేను అడగలేదు.

ఆ 38 రూపాయలు నా గల్లాపెట్టెలోనే పడ్డాయి. ఆ మాట దాచిపెట్టి ఇదంతా చెప్పడం నాకు ఇష్టం లేదు. ఊరికి తలనొప్పి వస్తే జెరాక్సు షాపుకి గిరాకీ. 2020లో అమ్మఒడి వచ్చింది, 2025లో తల్లికి వందనం వచ్చింది. పేరు మారింది, కాగితాలు అవే, క్యూ అదే. 2025 తోతాపురి సీజన్లో కిలోకి ప్రభుత్వం 4 రూపాయలు ఇస్తుందన్నప్పుడు మామిడి రైతులు పాసుబుక్కు, ఆధార్, బ్యాంకు పుస్తకం పట్టుకుని పొద్దున ఏడింటికే షట్టర్ ముందు నిలబడ్డారు. కాయ ధర పడిపోయి వాళ్ళు ఏడుస్తుంటే, నాకు ఆ నెల టోనర్ రెండు సార్లు అయిపోయింది.

నేను అడగాలనుకుంటున్నది ఒక్కటే. ప్రభుత్వం తానే ఇచ్చిన కాగితానికి, ప్రభుత్వమే మళ్ళీ జెరాక్సు అడగకూడదు. వార్డు, గ్రామ సచివాలయాలు 2019లో వచ్చాయి. 2025 జనవరిలో మన మిత్ర అనే ప్రభుత్వ వాట్సాప్ సేవ వచ్చింది, సర్టిఫికెట్టు వాట్సాప్‌లోకే వస్తోంది. మంచిదే. కానీ ఆ ఫోన్ పట్టుకుని జనం నా దగ్గరికే వస్తున్నారు, "దీన్ని ప్రింటు తీసియ్యి, ఆఫీసులో కాగితమే కావాలంట" అని. నేను గెలిచి, అనుకున్నది జరిగితే మొదటి దెబ్బ నా మిషన్ మీదే పడుతుంది. మా ఆయన ఈ మాట విని, "ఇంతకన్నా తెలివైన వ్యాపారస్తురాలిని నేను చూడలేదు" అన్నాడు.

175 మందిలో ఒక్క ఇండిపెండెంటు ఏం చేయగలదు అని మీరు అడుగుతారు. పెద్దగా ఏమీ చేయలేదు. ప్రభుత్వం నిలవాలంటే 88 మంది కావాలి, నేను వాళ్ళలో ఉండను. ప్రశ్న అడగొచ్చు, ఏ సర్టిఫికెట్టుకి ఏ ఆఫీసు ఏ జీవో ప్రకారం జెరాక్సు అడుగుతోందో లిఖితంగా జవాబు రాబట్టొచ్చు. స్కూల్లో స్టెప్పులు లేకుండా ఆన్సరు రాసిన పిల్లాడికి మార్కులు వేసేదాన్ని కాదు. ఇక్కడ కూడా నాకు స్టెప్పులే కావాలి.

"నువ్వు గెలవవు, ఉత్తినే ఓట్లు చీలుస్తావు" అని ఒక పెద్దాయన మొహం మీదే అన్నారు. 2019లో తిరుపతి సీటు 708 ఓట్ల తేడాతో తేలింది కాబట్టి ఆయన భయాన్ని నేను కొట్టిపారేయను. కానీ ఎవరి ఓట్లు చీలుస్తానో మాత్రం ఆయనా చెప్పలేకపోయారు. ఇంకొకరు, "టీచరు కదా, టీచర్ల ఎమ్మెల్సీకి పోకూడదా?" అన్నారు. ప్రకాశం, నెల్లూరు, చిత్తూరు ఉమ్మడి జిల్లాలన్నీ కలిపి ఒకే నియోజకవర్గం అది, తిరగడానికే ఏడాది పడుతుంది. పైగా గత ఆరేళ్ళలో కనీసం మూడేళ్ళు హైస్కూలు, ఆ పై స్థాయి విద్యాసంస్థల్లో చెప్పినవాళ్ళకే అక్కడ ఓటు. మేడమీద ట్యూషన్ చెప్పేదానికి నిలబడే హక్కు ఉంది గానీ ఓటు హక్కు లేదు. తమాషాగా లేదూ?

ఒక పాత స్టూడెంట్ అభిమానం ఎక్కువై నన్ను కట్టమంచి రామలింగారెడ్డి గారితో పోల్చాడు. మన ఊరివాడే, చదువు చెప్పినవాడే, మద్రాసు శాసనమండలికి వెళ్ళినవాడే. ఆంధ్ర విశ్వవిద్యాలయానికి మొదటి వైస్ ఛాన్సలరై, బ్రిటిష్ సర్కారు అణచివేతకి నిరసనగా ఆ పదవినే వదిలేశాడు. ఆయనది కేంబ్రిడ్జి. నాది ఎస్వీ యూనివర్సిటీ దూరవిద్య. ఆ పోలిక దయచేసి ఇంకెక్కడా అనకు నాయనా.

ఇక షాపు సంగతి.

ఒక ప్రభుత్వ ఆఫీసుకి ఏటా రిజిస్టర్లు, పేపరు రీములు సప్లై చేసే కాంట్రాక్టు నాకు ఉంది. ప్రభుత్వానికి సరుకు సప్లై చేసే కాంట్రాక్టు నడుస్తుండగా అసెంబ్లీకి పోటీ చేస్తే అనర్హత, ప్రజాప్రాతినిధ్య చట్టం 9ఏ సెక్షన్. అందుకని ఈ ఏడాది అయ్యాక రెన్యువల్ చేయించుకోను. నా ఆదాయంలో దాదాపు ఐదో వంతు పోతుంది, దానికి బదులు ఏం చేయాలో ఇంకా తేలలేదు. ఆ సెక్షన్ చదువుతుంటే ఒక చోట నవ్వొచ్చింది. మనం సరుకు మొత్తం ఇచ్చేసి ఉంటే, ప్రభుత్వం ఇంకా బిల్లు చెల్లించకపోయినా కాంట్రాక్టు ముగిసినట్టే లెక్కట. చట్టం రాసినవాళ్ళకి మా బిల్లుల సంగతి బాగానే తెలుసు.

కరపత్రాల విషయం. ఎన్నికల సీజన్లో అన్ని పార్టీలవాళ్ళూ నా దగ్గర వేయించుకున్నారు, నాలుగు డబ్బులు వచ్చేవి. ఈసారి నోటిఫికేషన్ వచ్చింది మొదలు పోలింగ్ అయ్యేదాకా రాజకీయాల కాగితం ఒక్కటి కూడా వేయను. అవతలివాళ్ళ కరపత్రం నా మిషన్లో ఆలస్యమైతే కావాలని చేశాననుకుంటారు, తొందరగా ఇస్తే లోపల ఏదో ఉందనుకుంటారు. నావి కూడా వేరే ప్రెస్సులో బిల్లు కట్టి వేయించుకుంటాను. ఇంకో సంగతి, చాలామందికి తెలీదు: ఎన్నికల కరపత్రం మీద ప్రింటర్ పేరు, అడ్రసు, ప్రచురించినవాళ్ళ పేరు, అడ్రసు ఉండి తీరాలి. చేత్తో రాసిన కాపీ తప్ప మిగతా ఏ కాపీ అయినా చట్టం దృష్టిలో ప్రింటింగే, అంటే జెరాక్సు కూడా. లేకపోతే ఆర్నెల్ల దాకా జైలు. కాబట్టి "ఒక వంద కాపీలే కదా అక్కా, లాగెయ్యి" అని తమ్ముళ్ళు ఎవరూ రావద్దు.

జూన్‌లో పది నోట్సులు కొంటే ఇచ్చే ఫ్రీ లేబుళ్ళు, స్కేలు ఇప్పటికైతే ఉంటాయి. ఎన్నికలు దగ్గర పడ్డాక ఆపేస్తాను. అభ్యర్థి చేతి నుంచి ఓటరింటికి ఉచితంగా ఏం పోయినా అది స్కేలా చీరా అని ఎవరూ చూడరు. ఫీజు లేకుండా చదువుకుంటున్న పిల్లలకి ఏ మార్పూ ఉండదు. వాళ్ళు ఎవరో ఎప్పుడూ చెప్పలేదు, ఇకపైనా చెప్పను.

అసలు ఇబ్బంది ఖాతా నోటుతో వచ్చింది. మొన్న బాగా తెలిసిన మనిషే, పెళ్ళి పత్రికల బాకీ 2,400 ఉంది, కౌంటర్ మీద మోచేతులు ఆనించి, "టీచరమ్మా, మా ఇంట్లో నాలుగు ఓట్లున్నాయి. బాకీ దాంట్లో సరిపెట్టుకుందామా?" అన్నాడు. పక్కనున్నవాళ్ళు నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వుతూనే, "ఓటుకి 600 రూపాయలా అన్నా, నాకు అంత స్తోమత లేదు" అన్నాను. అతను పోయాక మాత్రం నాకు నవ్వు రాలేదు. అతను పూర్తిగా తమాషాకి అనలేదు, నాకు తెలుసు. బాకీ మాఫీ చేస్తే అది లంచమే. ఉన్నట్టుండి గట్టిగా అడిగితే, ఓటు వేయనన్నాడని పగబట్టింది అంటారు. రెండిటికీ చిక్కకుండా ఉండాలంటే ఖాతాలన్నీ ముందే తేలిపోవాలి.

ఇంకో కారణం కూడా ఉంది. నామినేషన్‌తో పాటు ఇచ్చే అఫిడవిట్‌లో నా ఆస్తులు, అప్పులతో పాటు నాకు బయట నుంచి రావాల్సినవీ రాయాలి. అంటే మీ బాకీలు నా ఆస్తి కిందికి వస్తాయి. ఈ రోజుకి 61,300 రూపాయలు. ఆస్తి అని రాసి సంతకం పెట్టేటప్పుడు అది నిజంగా ఆస్తో కాదో నాకే అనుమానంగా ఉంది. ఎలాగూ బయటపడేదే కాబట్టి నా అప్పులు కూడా చెబుతాను: ముద్ర లోను 4 లక్షలు తీసుకున్నాను, ఇంకా 2 లక్షల 60 వేలు కట్టాలి. బంగారం కొంత కుదువలో ఉంది. కేసులు లేవు.

ఖర్చు గురించి. అసెంబ్లీ అభ్యర్థి 40 లక్షల దాకా ఖర్చు పెట్టొచ్చు. షాపూ మిషన్లూ అమ్మినా నాకు అంత రాదు. 3 లక్షలు దాటకూడదని నేను, లక్ష దాటకూడదని మా ఆయన. డిపాజిట్టు 10,000. పోలై చెల్లిన ఓట్లలో ఆరో వంతు రాకపోతే అది పోతుంది. పోతుందనే లెక్కలో రాసుకున్నాను, ఒక మామూలు ప్రింటరు ఖరీదు. ఎన్నికల ఖర్చుకి విడిగా బ్యాంకు ఖాతా తెరవాలి, ఫలితం వచ్చిన 30 రోజుల్లో లెక్కలు అప్పజెప్పాలి. షాపు డబ్బు అందులోకి పోదు, ఆ డబ్బు షాపులోకి రాదు. షాపు క్యూఆర్ కోడ్‌కి దయచేసి చందాలు పంపకండి. ఒకరు 500 పంపారు, స్పైరల్ బైండింగ్ డబ్బులనుకుని రెండు రోజులు వెతికాను.

ట్యూషన్ విషయంలో మీ టెన్షన్ నాకు అర్థమవుతుంది. 2019లో పోలింగ్ ఏప్రిల్ 11న, 2024లో మే 13న జరిగింది. పదో తరగతి పరీక్షలు మార్చిలో మొదలవుతాయి. ఎన్నికల ఏడాది రెండు బ్యాచుల బదులు ఒక్కటే తీసుకుంటాను, చివరి పరీక్ష రాసేదాకా సాయంత్రం ఆరు నుంచి ఎనిమిది నేను మేడమీదే ఉంటాను. ప్రచారం ఏదైనా పగలే. పిల్లలతో జెండా పట్టించను, కరపత్రం పంచించను, నాకు ఓటు వేయమని వాళ్ళతో మీకు చెప్పించను. ఏ పిల్లాడైనా ఇంటికొచ్చి అట్లా చెబితే నాకు ఫోన్ చేయండి.

నామినేషన్‌కి ఇండిపెండెంటుకి పదిమంది ప్రతిపాదకులు కావాలి. సంతకం పెడతామని ఏడుగురు ముందుకొచ్చారు. అందులో ఇద్దరి పేర్లు ఖాతా నోటులో ఉన్నాయి. ముందు బాకీ, తర్వాత సంతకం అని చెప్పాను. ఒకరు వెంటనే కట్టేశారు, ఇంకొకరు ఆ తర్వాత కనిపించలేదు.

షాపు టైమింగ్స్ ఎప్పటిలాగే, పొద్దున ఎనిమిదిన్నర నుంచి రాత్రి తొమ్మిదిన్నర. ఆదివారం మధ్యాహ్నం దాకా. లామినేషన్‌కి ఇచ్చి తీసుకెళ్ళని మార్కుల లిస్టులు పదకొండు నా డ్రాయర్లో ఉన్నాయి, అందులో ఒకటి 2022 నాటిది. అవి ఎవరివో వచ్చి తీసుకెళ్ళండి.